ఉత్తమ ఎత్తును ఏ ప్రోగ్రామ్ ముందు కనుక్కుంటుంది? దీన్ని నమ్మకంగా కొలిచేదెలా?

సీమ_శిక్షకుడు, అనంతపురం

మిత్రులందరికీ నమస్కారం. నేను అనంతపురంలో సాయంత్రం పూట పిల్లలకు చదరంగం నేర్పుతాను. వారికి ఇవ్వబోయే సమస్యలను ముందుగా కంప్యూటర్‌లో సరిచూసుకోవడం నా అలవాటు. ఈ వేసవి సెలవుల్లో పదో తరగతికి వెళ్లబోయే పిల్లవాడు ఒకడు, "సార్, మీ దగ్గర మూడు ప్రోగ్రాములు ఉన్నాయి కదా, వాటిలో సరైన ఎత్తు ఏది ముందు కనుక్కుంటుంది?" అని అడిగాడు. ప్రశ్న చిన్నదే గాని, వారం రోజులుగా ప్రయత్నిస్తున్నా వాడికి గట్టిగా చెప్పగలిగిన జవాబు నా దగ్గర లేదు.

నా ల్యాప్‌టాప్ నాలుగు కోర్లది, ప్రత్యేకమైన గ్రాఫిక్స్ కార్డు లేదు. అందులో స్టాక్‌ఫిష్ 11, స్టాక్‌ఫిష్ కొత్త వెర్షన్, లీలా చెస్ జీరో ఉన్నాయి. పరీక్షకు నేను ఎంచుకున్నది 1998లో స్పెయిన్‌లోని లినారెస్‌లో టోపలోవ్, షిరోవ్ ఆడిన ఆటలోని 47వ ఎత్తు. తెల్లవారికి జి1లో రాజు, సి3లో బిషప్, జి2, హెచ్4లలో బంట్లు ఉన్నాయి. నల్లవారికి ఇ6లో రాజు, ఎఫ్5లో బిషప్, ఎ4, డి5, ఎఫ్6, జి6లలో బంట్లు ఉన్నాయి. ఎత్తు నల్లవారిది. షిరోవ్ తన బిషప్‌ను హెచ్3లో, జి2 బంటు నోటికి అందేలా పెట్టి గెలిచాడు. నల్ల రాజు ఇ4 చేరాలంటే ఎఫ్5 మీదుగా వెళ్లాలి, ఆ గడిలో తన బిషప్పే అడ్డంగా ఉంది. కాబట్టి బిషప్ ఆ గడిని ఖాళీ చేస్తూనే జి2 బంటును బెదిరించి, తెల్ల రాజుకు ముందుకు వచ్చే తీరిక లేకుండా చేసింది. పిల్లలకు ఈ ఎత్తు చూపించిన ప్రతిసారీ గది ఒక్కసారిగా నిశ్శబ్దమవుతుంది.

స్థితిని పెట్టి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కి, హెచ్3 ఎత్తు తెర మీద మొదటి వరుసలోకి రాగానే ఆపాను. కొత్త స్టాక్‌ఫిష్ ఒక రోజు ఉదయం పది సెకన్లలోపే దాన్ని కనుక్కుంది. మరునాడు మధ్యాహ్నం రెండు గంటలకు పెడితే అర నిమిషం దాటినా రాలేదు, ఆ తర్వాతే వచ్చింది. ఆపి వెంటనే మళ్లీ పెడితే రెండు సెకన్లలో వచ్చేసింది. లీలా అయితే నేను కాచుకున్నంత సేపూ వేరే ఎత్తునే పట్టుకుని కూర్చుంది. ఒకే ప్రోగ్రామ్, ఒకే స్థితి, ఒకే యంత్రం అయినప్పుడు మూడు వేర్వేరు సమయాలు ఎందుకు వచ్చాయి? అసలు ఈ వేగాన్ని ఏ పద్ధతిలో కొలిస్తే న్యాయంగా ఉంటుంది? అనుభవం ఉన్నవారు దయచేసి వివరించగలరు.

ఎర్రమల_బంటు, కర్నూలు

మాస్టారు గారికి నమస్కారం. మీకు వచ్చిన మూడు సమయాలూ సరైనవే. మీకు తెలియకుండానే మూడుసార్లూ మూడు వేర్వేరు ప్రయోగాలు చేశారు, అంతే.

చివరిదాని నుంచి మొదలుపెడతాను, ఎందుకంటే ఎక్కువ మంది మోసపోయేది అక్కడే. ప్రోగ్రామ్ తాను చూసిన స్థితుల విలువలను, అంటే ఎవరిది ఎంత పైచేయి అన్న అంకెలను, హ్యాష్ పట్టికలో రాసి పెట్టుకుంటుంది. మీరు వెతుకులాటను ఆపి అదే స్థితిలో మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఆ పట్టిక ఖాళీ కాదు. మొదటిసారి అర నిమిషం కష్టపడి తెలుసుకున్నదంతా అందులో ఉంటుంది కాబట్టి, రెండోసారి అది వెతకలేదు, గుర్తు తెచ్చుకుంది. కొత్త కొలతకు ముందు ప్రతిసారీ ఈ పట్టికను తుడవాలి. స్టాక్‌ఫిష్‌లో దానికి "క్లియర్ హ్యాష్" అనే మీట ఉంది, "యూసీఐ న్యూ గేమ్" ఆదేశం ఇచ్చినా తుడిచివేస్తుంది. ఏదీ నచ్చకపోతే ప్రోగ్రామ్‌ను మూసి మళ్లీ తెరవండి, అది అన్నిటికీ పనికివచ్చే మార్గం.

రెండోది థ్రెడ్ల సంగతి, అంటే ప్రోగ్రామ్ ఒకేసారి పక్కపక్కన నడిపే వెతుకులాటల సంగతి. మీరు నాలుగు థ్రెడ్లు పెట్టి ఉంటారని నా ఊహ. అవి నాలుగూ ఒకే హ్యాష్ పట్టికలో ఏకకాలంలో రాస్తూ, ఒకరు రాసింది మరొకరు చదువుతూ వెతుకుతాయి. ఏది ముందు రాసింది, ఏది తర్వాత చదివింది అన్నది ఆపరేటింగ్ సిస్టమ్ ఆ క్షణంలో ఎవరికి ముందు అవకాశం ఇచ్చిందనే దానిపై ఆధారపడుతుంది గనుక, వెతుకులాట ఏ రెండుసార్లూ ఒకే దారిలో సాగదు. కష్టమైన స్థితుల్లో ఈ తేడా రెట్టింపు, మూడింతలు కావడం మామూలే. ఒకే థ్రెడ్ పెట్టి, పట్టికను తుడిచి, ఒకే లోతు వరకు, అంటే ముందుకు అన్నే ఎత్తుల దాకా, వెతికించండి. అప్పుడు స్టాక్‌ఫిష్ ఎన్నిసార్లు పెట్టినా చూసిన నోడ్ల (వెతుకులాటలో తగిలిన స్థితుల) సంఖ్య చివరి అంకె వరకు ఒకటే వస్తుంది. ఆ ప్రోగ్రామ్‌ను రాసేవారు తమ మార్పు వల్ల వెతుకులాట మారిందో లేదో తెలుసుకోవడానికి ఈ గుణాన్నే వాడుకుంటారు.

మూడోది మన ఎండ. మే నెల మధ్యాహ్నం కర్నూలులోనైనా, అనంతపురంలోనైనా 40 డిగ్రీలు దాటడం కొత్త విషయం కాదు. ప్రాసెసర్ తన హద్దు వేడికి చేరినప్పుడు కాలిపోకుండా తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. చదరంగం ప్రోగ్రామ్ అన్ని కోర్లనూ నూటికి నూరు శాతం వాడుతుంది కాబట్టి ల్యాప్‌టాప్ ఆ హద్దుకు చేరడానికి ఒకటి రెండు నిమిషాలు చాలు. కరెంటు పోయి బ్యాటరీ మీద నడిచినా చాలా ల్యాప్‌టాప్‌లు వేగం తగ్గిస్తాయి. తెర మీద "ఎన్‌పీఎస్" అనే అంకె, అంటే సెకనుకు చూస్తున్న స్థితుల సంఖ్య, ఉదయానికీ మధ్యాహ్నానికీ ఎంత తేడాగా ఉందో ఒకసారి గమనించండి.

స్టాప్‌వాచ్‌ను మాత్రం పక్కన పెట్టేయండి. ప్రోగ్రామ్ ప్రతి వరుసలోనూ లోతుతో పాటు నోడ్లనూ, మిల్లీసెకన్లలో సమయాన్నీ తానే చెబుతుంది.

పెన్నేటి_గట్టు, ప్రొద్దుటూరు

ఎర్రమల_బంటు గారు ఎలా కొలవాలో చక్కగా చెప్పారు. నేను ఏమి కొలవాలో చెబుతాను, ఎందుకంటే మాస్టారు గారు స్టాప్‌వాచ్ ఆపిన క్షణమే నాకు అనుమానంగా ఉంది. సరైన ఎత్తు మొదటి వరుసలోకి రావడం వేరు, ప్రోగ్రామ్ దాన్ని నిజంగా కనుక్కోవడం వేరు.

దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ ఒకటి ఉంది. చదరంగ నిపుణులు లాస్కర్, రైక్‌హెల్మ్ 1901లో చర్చించిన బంట్ల ముగింపు స్థితి అది. రూబెన్ ఫైన్ 1941 నాటి ముగింపుల గ్రంథంలో దాని సంఖ్య 70 కాబట్టి, ప్రోగ్రాములు రాసేవారు దాన్ని ఫైన్ 70 అంటారు. తెల్లవారికి ఎ1లో రాజు, ఎ4, డి4, డి5, ఎఫ్4లలో బంట్లు. నల్లవారికి ఎ7లో రాజు, ఎ5, డి6, ఎఫ్5లలో బంట్లు. ఎత్తు తెల్లవారిది. పలక మీద పెట్టి చూడండి, ఒక్క బంటు కూడా కదలలేదు. తెల్ల రాజుకు ఉన్నవి మూడే ఎత్తులు: ఎ2, బి1, బి2. తెల్లవారు గెలవాలంటే ఒకవైపు బి5 నుంచి ఎ5 బంటునో, మరోవైపు జి5 నుంచి ఎఫ్5 బంటునో కొట్టాలి. నల్ల రాజు రెండు వైపులా కాపలా కాయాలి. తెల్ల రాజు ఏ గడిలో ఉంటే నల్ల రాజు దానికి జత అయిన గడిలో ఉండగలిగినంత కాలం ఆట డ్రా అవుతుంది. ఆ జత తప్పించే ఎత్తు బి1 ఒక్కటే.

ఇక ఆలోచించండి. ఉన్నవి మూడు ఎత్తులే అయినప్పుడు ఏమీ తెలియని ప్రోగ్రామ్ కూడా మూడింట ఒక వంతు అవకాశంతో మొదటి మిల్లీసెకనులోనే బి1ను చూపిస్తుంది. మీ స్టాప్‌వాచ్ ప్రకారం ప్రపంచంలో అదే అత్యంత వేగవంతమైన ప్రోగ్రామ్ అవుతుంది. కాసేపటికి అది బి2కు మారి, మళ్లీ బి1కు రావచ్చు. కాబట్టి నేను నమ్మే కొలత ఇది: ప్రోగ్రామ్ సరైన ఎత్తుకు చివరిసారిగా మారి, ఇచ్చిన గడువు ముగిసేదాకా దాన్ని వదలకుండా నిలిచిన క్షణం. దానితో పాటు ఆ ఎత్తు ఎందుకు మంచిదో తెలిసినట్టు విలువ కూడా పెరగాలి. ఫైన్ 70లో విలువ దాదాపు సమానంగానే ఉండి బి1 చూపిస్తుంటే అది ఇంకా కనుక్కోలేదనే రాసుకోండి. ఒక బంటు గెలుస్తానన్నంత మేరకు విలువ ఎగబాకిన వరుసే మీకు కావలసిన వరుస.

షిరోవ్ ఎత్తులోనూ ఇదే జాగ్రత్త వహించండి. హెచ్3 పైకి వచ్చినప్పుడు దాని వెనుక చూపిస్తున్న ఆట వరుసలో నల్ల రాజు ఎఫ్5, ఇ4 మీదుగా డి3 వైపు నడుస్తోందా అని చూడండి. ఆ నడక కనిపిస్తేనే కనుక్కున్నట్టు.

ఎర్రమల_బంటు, కర్నూలు

ఫైన్ 70 పేరు వినగానే నా ఇంజనీరింగ్ చదువు రోజులు గుర్తుకొచ్చాయి. నేను సొంతంగా చదరంగం ప్రోగ్రామ్ రాసినప్పుడు మొదట ఆల్ఫా-బీటా వెతుకులాట, అంటే ఫలితాన్ని మార్చలేని కొమ్మలను వదిలేస్తూ వెతికే పద్ధతి, ఒక్కటే ఉండేది, హ్యాష్ పట్టిక లేదు. రాత్రి ఈ స్థితిని పెట్టి పడుకుంటే తెల్లవారేసరికీ గెలుపు కనబడలేదు. పట్టికను జోడించిన వారం అదే ప్రోగ్రామ్ అదే యంత్రం మీద టీ తాగి వచ్చేలోపు బి1 మీద నిలిచి, విలువను పైకి చూపింది. కదిలేవి రెండు రాజులే కాబట్టి ఒకే స్థితి వందలాది దారుల్లో మళ్లీ మళ్లీ వస్తుంది. పట్టిక లేని ప్రోగ్రామ్ ప్రతిసారీ దాన్ని కొత్తగా లెక్కిస్తుంది, ఉన్నది ఒక్కసారి లెక్కించి మిగతాసార్లు చదువుకుంటుంది. స్థితిని బట్టి వేగం ఎంతగా మారిపోతుందో నాకు అర్థమైంది ఆ రోజే.

మాస్టారు గారి స్థితిలో ప్రోగ్రాములు తడబడడానికి కారణం వేరే ఉంది. ఆట మధ్యలో సగటున ఒక్కో స్థితికి 35 ఎత్తుల దాకా ఉంటాయి. అన్నిటినీ సమానంగా వెతికితే లోతుకు వెళ్లడం అసాధ్యం. మంచి ఎత్తులను ముందు చూడగలిగితే ఆల్ఫా-బీటా పద్ధతి అంతే శ్రమతో దాదాపు రెట్టింపు లోతుకు వెళ్లగలదని క్నూత్, మూర్ 1975లో విశ్లేషించి చూపారు. ఈనాటి ప్రోగ్రాములు అంతటితో ఆగకుండా, వరుసలో వెనకబడ్డ ఎత్తులను తక్కువ లోతు వరకే చూసి వదిలేస్తాయి. బిషప్‌ను ఊరికే ఇచ్చేసే ఎత్తు పైపై చూపుకు వెర్రి ఎత్తే, అది సహజంగానే వరుస చివర పడుతుంది. తెర మీద లోతు 30 అని ఉన్నా, ఆ కొమ్మను ప్రోగ్రామ్ అంత లోతుగా చూడలేదన్నమాట. అందుకే "ఈ ప్రోగ్రామ్ 22 లోతులో కనుక్కుంది, ఆ ప్రోగ్రామ్ 28 లోతులో కనుక్కుంది" అని పోల్చడంలో అర్థం లేదు. లోతు అనే మాట ఒక్కో ప్రోగ్రామ్‌లో ఒక్కో కొలబద్ద.

నోడ్లను పోల్చడమూ ఒకే కుటుంబంలోని వెర్షన్ల మధ్య కొంతవరకే చెల్లుతుంది. 2020 సెప్టెంబరులో వచ్చిన స్టాక్‌ఫిష్ 12లో స్థితి విలువను అంచనా కట్టే పని చిన్న న్యూరల్ నెట్‌వర్క్‌కు అప్పగించారు. దాని వల్ల సెకనుకు చూసే స్థితుల సంఖ్య బాగా తగ్గినా, ఆట మాత్రం 11 కన్నా ఎంతో బలపడింది. లీలా ఇంకా దూరం. అది ఒక్కో స్థితి మీద పెద్ద నెట్‌వర్క్‌ను నడుపుతుంది, ఆ పనికి గ్రాఫిక్స్ కార్డు కావాలి. మీ ల్యాప్‌టాప్‌లో లీలా ఓడింది చదరంగంలో కాదు, సామగ్రి లేక. పైగా ఏ ఎత్తును ఎంత తరచుగా పరిశీలించాలో ఆ నెట్‌వర్క్ ముందే సూచిస్తుంది కాబట్టి, అది మొదటి చూపులో తీసిపారేసిన బలిదానాన్ని మళ్లీ తలచుకోవడానికి చాలా సమయం పడుతుంది.

స్థితుల సంఖ్యే వేగం అనుకుంటే చరిత్ర కూడా ఒప్పుకోదు. 1997లో ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్‌ను 3.5–2.5తో ఓడించిన డీప్ బ్లూ కంప్యూటర్ సెకనుకు 20 కోట్ల స్థితులు చూసేది. 2018లో ప్రచురించిన వివరాల ప్రకారం ఆల్ఫాజీరో అనే ప్రోగ్రామ్ సెకనుకు 60 వేలు చూస్తూ, 6 కోట్లు చూసే స్టాక్‌ఫిష్‌ను ఓడించింది.

కోనేటి_గడి, కడప

పై ఇద్దరి మాటలతోనూ ఏకీభవిస్తూనే ఒక అభ్యంతరం తెలియజేస్తున్నాను. ఇలాంటి పరీక్షల్లో ముందు నిలిచిన ప్రోగ్రామ్‌నే బలమైన ప్రోగ్రామ్ అని పిల్లలకు చెప్పవద్దు. స్టాక్‌ఫిష్ మూలాన్నే తీసుకుని, ఎత్తులను వదిలేసే కోతను తగ్గించి, సమస్యలను సాధించడానికే మలచిన రూపాలు ఉన్నాయి. అవి షిరోవ్ ఎత్తు వంటివాటిని త్వరగా పట్టుకుంటాయి గాని, ఆటల పోటీలో అసలు స్టాక్‌ఫిష్ ముందు నిలవలేవు. వెయ్యి ఎత్తుల్లో ఒక్కసారి వచ్చే బలిదానం కోసం మిగతా తొమ్మిది వందల తొంభై తొమ్మిది ఎత్తుల్లో లోతును వదులుకోవడం ఆటలో నష్టమే. స్టాక్‌ఫిష్‌ను తయారుచేసేవారు ప్రతి మార్పునూ వేలాది ఆటలు ఆడించి, ఫలితం గణాంకాలకు నిలిస్తేనే తీసుకుంటారు. సమస్యల సాధనను ప్రమాణంగా పెట్టుకోరు.

1982లో బ్రాట్కో, కోపెక్ రూపొందించిన పరీక్షలో 24 స్థితులు ఉండేవి. సగం ఎత్తుగడలకు సంబంధించినవి, సగం బంట్లను ముందుకు తోసి కట్టును విప్పే ఆలోచనకు సంబంధించినవి. స్థితికి రెండు నిమిషాల గడువు ఇచ్చి మనుషులనూ, ప్రోగ్రాములనూ ఒకే తక్కెడలో తూచారు. ఆ రెండు రకాలనూ విడివిడిగా లెక్కించడం వల్లనే ప్రోగ్రాములు ఎక్కడ బలహీనమో తెలిసింది. మాస్టారు గారు కూడా ఒక్క షిరోవ్ స్థితితో తీర్పు చెప్పకుండా, వేర్వేరు రకాల స్థితులను కనీసం ఇరవై తీసుకోవడం మంచిది.

సగటు తీసేటప్పుడు ఇంకొక్క మాట. పంతొమ్మిది స్థితులు సెకనులో తేలి, ఒక్కటి పది నిమిషాలు పడితే మామూలు సగటు ఆ ఒక్కదాని చేతిలోకి వెళ్లిపోతుంది. 1 సెకను, 10 సెకన్లు, 60 సెకన్ల గడువుల్లో ఎన్ని స్థితులు తేలాయో లెక్కించడం నిజానికి దగ్గరగా ఉంటుంది. ఏ గడువుకూ తేలనివాటికి సమయం రాయకుండా, తేలలేదనే రాయాలి.

సీమ_శిక్షకుడు, అనంతపురం

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. మీరు చెప్పినట్టే రెండు రోజులు శ్రమించాను.

మొదట నా థ్రెడ్ల అమరికను చూసుకుంటే నిజంగానే నాలుగు ఉంది. దాన్ని ఒకటికి మార్చి, రెండు స్టాక్‌ఫిష్‌లకూ 256 ఎంబీ హ్యాష్ ఇచ్చి, ప్రతిసారీ ప్రోగ్రామ్‌ను మూసి తెరిచి, షిరోవ్ స్థితిని ఒకే లోతు వరకు ఉదయం మూడుసార్లు, మధ్యాహ్నం మూడుసార్లు వెతికించాను. నోడ్ల సంఖ్య ఆరుసార్లూ అంకె తేడా లేకుండా ఒకటే వచ్చింది. ఆ ఆరు వరుసలనూ పలక మీద ఒకదాని కింద ఒకటి రాసి చూపితే, ప్రశ్న అడిగిన పిల్లవాడు వేలు పెట్టి ఒక్కొక్క అంకె సరిపోల్చుకున్నాడు. సమయం మాత్రం మధ్యాహ్నం మూడుసార్లూ ఎక్కువే పట్టింది. ఎన్‌పీఎస్ అంకె మొదటి నిమిషంలో బాగానే ఉండి, తర్వాత మెట్లు దిగినట్టు పడిపోతూ వచ్చింది. ల్యాప్‌టాప్ అడుగున చెయ్యి పెడితే ఉంచలేకపోయాను. ఇకపై ఈ కొలతలన్నీ ఉదయం ఏడు గంటలలోపే, కరెంటు ఉన్నప్పుడే చేస్తాను.

ఫైన్ 70లో పెన్నేటి_గట్టు గారు చెప్పింది కళ్లారా చూశాను. స్టాక్‌ఫిష్ 11 సెకను గడవకముందే బి1 మీదకు వచ్చింది, కాని మొదట్లో విలువ దాదాపు కదలలేదు. పిల్లలు "కనుక్కుంది, కనుక్కుంది" అని అరిచారు. ఇంకా కాదు, విలువ చూడండి అని ఆపాను. తర్వాతి వరుసల్లో విలువ ఎగబాకినప్పుడు ఏ వరుస దగ్గర నిజంగా కనుక్కున్నదో వాళ్లే చూపించారు.

లీలాను ఈ పోటీ నుంచి తప్పించాను. గ్రాఫిక్స్ కార్డు ఉన్న యంత్రం దొరికినప్పుడు దాన్ని విడిగా పరీక్షిస్తాను. ఇప్పుడు ఇరవై నాలుగు స్థితులు ఎంచుకునే పనిలో ఉన్నాను: ఎనిమిది బలిదానాలు, ఎనిమిది బంట్ల ముగింపులు, ఎనిమిది నెమ్మదిగా సాగే స్థితులు. ప్రతిదానికీ ఉత్తమమైన ఎత్తు ఒక్కటే ఉందో లేదో ముందుగా రాత్రంతా వెతికించి నిర్ధారించుకుంటున్నాను, ఎందుకంటే నేను సరైనదని ఏళ్లుగా నేర్పిన ఒక సమాధానం పక్కన అంతే బలమైన మరో ఎత్తు ఉందని నిన్న రాత్రే బయటపడింది. ఆ స్థితిని జాబితా నుంచి తీసేశాను. మిగతావి సిద్ధం కాగానే రెండు వెర్షన్ల ఫలితాలనూ, హ్యాష్, థ్రెడ్, గడువు వివరాలతో సహా ఇక్కడే పెడతాను.